లీజు లారీ

సరుకు దిగేదాకా గోదాము గోడ నీడలో ఇద్దరు డ్రైవర్లు కూర్చున్నారు. ఒకాయనకు తల నెరిసింది. రెండోవాడు కుర్రవాడు, వాడి మనసంతా లీజు లారీ మీదే ఉంది.

“ఈ కంపెనీకి ఓ దండం పెట్టేస్తా బాబాయ్. లీజుకు తీసుకుంటే బండి నా చేతిలో ఉంటుంది. పొద్దున లేస్తే ‘ఎక్కడున్నావ్’ అంటూ ఆఫీసువాళ్లు ప్రాణం తోడరు.”

“నేనూ ఆ ఫోన్లు పడలేకే లీజుకు పోయానురా.”

“మరి తిరిగొచ్చావేం? కిస్తీలు కట్టలేకా?”

“బండి బాగానే తిరిగింది. మీ పిన్ని పోయాక ఓసారి దారిలో జ్వరమొచ్చి, ఒళ్లు తెలీకుండా క్యాబిన్‌లోనే పడున్నాను. లేచి చూసుకుంటే ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఈ ఆఫీసువాళ్లు విసుక్కుంటూనే అడుగుతారు. అయినా అడుగుతారుగా.”

కుర్రవాడు జేబులోంచి ఫోన్ తీశాడు.

“నేను మాత్రం లీజుకే వెళ్తాను బాబాయ్.”

“వెళ్లు. వయసులో ఉన్నావు.”

“నీ నంబరు చెప్పు. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తా.”

పెద్దాయన నంబరు చెప్పాడు. కుర్రవాడు సరిగా ఎక్కించుకున్నాడో లేదోనని, మళ్లీ మొదటినుంచి ఒక్కో అంకే నిదానంగా చెప్పాడు.