ఐపీ పెట్టిన మా నాయన

"అవ్వా, మీ నాయన ఐపీ పెట్టినాడంట కదా, అప్పుడు మీరెట్ల బతికినారు?"

ఎట్ల బతికినామా... భయపడతా బతికినాం పాపా. ఈడ కూచో, చెప్తా. మాది ధర్మవరం కదా, నాయన పట్టుచీరలు నేసేటోడు. సావుకారు దగ్గర పట్టు అప్పు తెచ్చేది, నేసేది, చీరలమ్మి కట్టేది. వానల్లేక రైతుల చేతిలో దుడ్లు లేకపాయె, ఇంగ పెండ్లిండ్లు యాడ? చీరలు పెట్టెలోనే ఉండిపాయె. సావుకారు వడ్డీ మింద వడ్డీ ఏసినాడు. కడాకు మా మేనమామ... బత్తలపల్లెలో ఉండె, వచ్చినప్పుడల్లా నాకు అణా ఇచ్చేటోడు, అప్పుడు అణాకి ఒడినిండా బొరుగులు వస్తాండె లే... ఆయప్ప నాయనను అనంతపురం పిల్చుకపోయి వకీలుతో ఐపీ పెట్టించినాడు. ఐపీ అంటే, అప్పు తీర్చే శక్తి నాకు లేదు సామీ అని కోర్టులో ఒప్పుకునేది.

వకీలు చెప్పినాడంట: "ఇంగ నిన్ను జైల్లో ఏయించేకి లేదు. మగ్గం, వంటసామాను, మీ ఆడమనిషి తాళి, ఇవి ఎవురూ ముట్టేకి లేదు. ఏమడిగినా కోర్టులో అడగమను."

కోర్టేమో అనంతపురంలో ఉండె, సావుకారు మనిషి రంగప్పేమో మా వాకిట్లో ఉండె! పొద్దున్నే వచ్చి అరుగు మింద కూచునేటోడు. అరిచేటోడు కూడా కాదు. నవ్వుతా, "ఏం పాపా, మీ నాయన యాడికి పోయినాడు? జైలుకా?" అనేటోడు. ఆ నవ్వు చూస్తే నేను లోపలికి ఉరికేదాన్ని. అమ్మ నీళ్లకు పోతే ఎనకాలే పోతాండె. నాయన మగ్గం గుంతలో కూచోని, నేస్తే సప్పుడు వినపడుతుందని చేతులు ఒళ్లో పెట్టుకోని... అట్లే. మొగోడు పాపా, గుంతలో దాక్కున్యాడు.

ఒగ రోజు రంగప్ప ఇద్దర్ని ఎంటేసుకోని వచ్చినాడు, చేతిలో కొడవలి. "మగ్గం మింద పడుగు దారాలు కోసి మగ్గం ఎత్తుకపోతాం" అన్యాడు. నాయన ఆపొద్దు పెరట్లో... కాదు కాదు, వంటింట్లో ఉండె. అమ్మ గబుక్కున పోయి మగ్గం గుంతలో దిగి కూచునె. "ముందు నన్ను కోసి, ఆమింద పడుగు కొయ్యి" అనె. వాడు కొడవలి పడుగు మింద పెట్టినాడు. నేను కండ్లు మూసుకుంటి.

అప్పుడు నాయన బయటికొచ్చినాడు. "కొయ్యప్పా రంగప్పా. ఈదోళ్లంతా చూస్తాండారు. ఎవురు కోయమంటే కోసినావో, జడ్జి ముందర నిలబడి నువ్వే చెప్పు" అన్యాడు. రంగప్ప వాకిలి దిక్కు చూసె. నిజంగానే ఈదంతా నిలబడిండె. అందరూ వాని చేతిలో కొడవలే చూస్తాండారు. వాడు కొడవలి సంకన పెట్టుకోని పోయినాడు.

వకీలు అర్జీ పెడితే జడ్జి సావుకారును పిలిపించి గట్టిగా చెప్పినాడంట. మా వాకిట్లోకి వచ్చేది మానుకున్యారు. శానా దినాలకు కోర్టు నాయనను ఆ అప్పుల్నుంచి ఇడిపించింది. అప్పుడొచ్చినాడు చూడు సావుకారే, పండ్లు తీసుకోని. "పాతదంతా మర్చిపో. పట్టు ఇస్తా. ప్రోనోటు మింద ఒగ సంతకం చెయ్యి, అంతే." నాయన చెయ్యి సాపినాడు కూడా. అమ్మ వంటింట్లోంచి, "పాత అప్పు కూడా అందులోనే కలిపి రాసింటాడు. సంతకం పెడితే అదంతా మళ్లా మన నెత్తినే పడుతుందని వకీలు ముందే చెప్పల్యా?" అనె. నాయన చెయ్యి ఎనిక్కి తీసుకున్యాడు. పండ్లు కూడా ఎనిక్కిచ్చినాం. నాకేమో తినల్లని ఆశ!

ఇంగ భయమెందుకు అంటావు కదా? అట్ల పోదు పాపా. నాయన సచ్చేదాకా, ఎవురన్నా తలుపు తడితే తినేది ఆపి నా దిక్కు చూసేటోడు. నేను పోయి తలుపు సందులోంచి చూసి, "మనోళ్లే నాయనా" అంటే గానీ ముద్ద నోట్లోకి పోయేది కాదు.

సల్లగుండు తల్లీ. నీ తలుపు ఎవురు తట్టినా, సందులోంచి చూడకుండా "రాండి" అనేట్ల బతుకు.