భుజాల మీద పిల్ల

హలో… ఆ, నేనే. ఫెదోరానే. ఈ కొండ మీద ఇంట్లో నేనూ, పిల్లీ తప్ప ఇంకెవరున్నారు ఫోనెత్తడానికి!… నువ్వెవరు?… దుచ్చోవా! మా నొరీనా కొడుకువేనా?… గొంతు అలా ఉందేంట్రా, జలుబా?

సరే సరే, చెప్పు. మా పిల్ల వచ్చిందా ఆఫీసులో నీ కిటికీ దగ్గరికి?… ఎదురుగానే ఉందా. పొద్దున తొమ్మిదింటికల్లా పంపించా. ఇప్పుడు పన్నెండు. మూడు గంటలు నిలబెట్టావన్నమాట… కుర్చీ వేశావా. పోనీలే, పుణ్యం కట్టుకున్నావు.

ఆ… ఆ… ఏది చెల్లదు?… చర్చి కాయితమా! ఒరేయ్, ఫాదర్ గారి సంతకం ఉంది దాని మీద, ముద్ర ఉంది… ఉండుండు, ఇటు చెవి పనిచెయ్యదు, అటు మార్చుకుంటా…

ఇప్పుడు చెప్పు… అది నాకు తెలుసు నాయనా. చైనావాళ్ళ కడుపున ఇక్కడ పుట్టిన పిల్ల, పద్దెనిమిదేళ్ళూ ఎడతెగకుండా ఇక్కడే పెరిగినట్టు చూపించాలి. పంతొమ్మిది నిండేలోగా అడగాలి. అడిగితే ఇటలీ మనిషి, అడక్కపోతే పరాయిది… రేపే నిండుతాయి, తెలుసురా. కేకు కూడా చెప్పా.

మీ రికార్డుల్లో కనిపించని ఆ పదకొండు నెలలేగా అడ్డం. మూడో ఏట. వాళ్ళ నాన్న చెన్ ఇల్లు మారాడు, కొత్త అడ్రసు మీ దగ్గర రాయించుకోలేదు. రోజుకి పద్నాలుగు గంటలు కోట్లు కుట్టేవాడికి అడ్రసులెక్కడ గుర్తుంటాయి?… చైనా పంపేశారేమో అంటావా?… నిజమే, వాళ్ళందరూ పంపేస్తారు. పాలు మరిచీ మరవకముందే పిల్లని విమానం ఎక్కించి తాతల దగ్గర పడేస్తారు, మిషను తొక్కడానికి అడ్డమని. దీన్ని పంపలేదు. నా దగ్గర వదిలారు.

నా దగ్గరేరా! సోమవారం పొద్దున తెచ్చేవాళ్ళు, శనివారం రాత్రి తీసుకెళ్ళేవాళ్ళు. నా చేత్తో పెట్టిన బంగాళాదుంపల తోర్తెల్లి తిని పెరిగింది. దానికొచ్చిన మొదటి బూతు మాట కూడా నా దగ్గర నేర్చుకున్నదే…

నోటిమాట చాలదు. కాయితం కావాలి. తేదీ ఉన్నది. అందుకేగా చర్చి కాయితం పంపింది!… పేరా?… ఆ, ఫియొరెల్లా అనే ఉంటుంది. మీ ఫైల్లో ఉన్నట్టు చెన్ యాలాన్ అని ఉండదు. ఎలా ఉంటుంది, నేను చెప్పలేదుగా ఫాదర్ గారికి…

ఎందుకంటే… జ్వరం వచ్చిందిరా. ఫిబ్రవరి. మోకాళ్ళ దాకా మంచు, డాక్టరు కొండెక్కలేనన్నాడు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. జ్ఞానస్నానం లేకుండా దానికేమైనా అయితే… భయపడిపోయాను. దుప్పట్లో చుట్టి చర్చికి ఎత్తుకుపోయా. పేరేమిటమ్మా అన్నారాయన. చైనా పేరు చెబితే నీళ్ళు చల్లుతారో, వెనక్కి పంపుతారో! మా అమ్మ పేరు చెప్పేశా… తల్లిదండ్రుల పేర్ల దగ్గరా? ‘ఫెదోరా ఇంటి పిల్ల’ అని రాశారు. అబద్ధమేముంది?… వాళ్ళ అమ్మకీ నాన్నకీ ఇప్పటికీ తెలీదు. పిల్లకే మొన్న చెప్పా.

అంటే… ఆగు, నాకు అర్థమయ్యేలా చెప్పు. దాన్ని ఇటలీ పిల్లగా రాయించాను కనక, అది ఇటలీ పిల్ల కాకుండా పోతోందా?… నవ్వుతున్నావేం?… దగ్గా. సరే, దగ్గు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

నీ ఒంటి మీద కోటుందా?… బూడిద రంగుదేనా? మీ అమ్మ కొన్నది. లోపల చీటీ తిప్పి చూడు… చూడరా, పెద్దదాన్ని అడుగుతున్నా… ఏం రాసుంది?… మేడ్ ఇన్ ఇటలీ. బావుంది. గుడ్డ చైనా నుంచి ఓడ మీద వచ్చింది. గుండీలూ అక్కడివే. కుట్టింది చెన్. షెడ్డేమో మా ఆయన మగ్గాలు నడిపిన షెడ్డు, నేనే అద్దెకిచ్చా. పొద్దున్న చైనా గుడ్డ, సాయంత్రానికి ఇటలీ కోటు! దాన్ని ఎవడైనా అడిగాడా, నీ మూడో ఏట పదకొండు నెలలు ఎక్కడున్నావే అని?

రాజకీయాలా? నేనా? ఒరేయ్, నాకు చైనావాళ్ళంటే పడదని ఊరంతా తెలుసు. ఇప్పటికీ పడదు. మన మగ్గాలు మూయించారు, పండగనాడు కూడా మిషన్ల మోత… అద్దె తీసుకుంటున్నా, అది వేరు… ఇదా? ఇది చైనా పిల్లేంట్రా! ఇది మా పిల్ల.

దానికెందుకింత పట్టుదలో చెప్పిందా నీకు?… పన్నుల పోలీసు పరీక్ష రాస్తుందట. పరాయిదైతే కూర్చోనివ్వరట. యూనిఫాం వేసుకుని మొదటి తనిఖీ వాళ్ళ నాన్న షెడ్డుకే వెళ్తానంటోంది. చెన్ ఆ మాట విన్న దగ్గర్నుంచీ అడ్రసులన్నీ సరిచేసుకుంటున్నాడు, పాపం. పదహారేళ్ళు ఆలస్యంగా.

ఇంకేదైనా ఉందా అంటే… తేదీ ఉన్నది, పిల్ల కనిపించేది…

…

లేదు.

లేదన్నాగా. ఏం ఉంటుంది నా దగ్గర, ముసలిదాని దగ్గర… ఆలోచించడం లేదు, ఊపిరి పీల్చుకుంటున్నా… ఒంటిగంటకి కిటికీ మూసేస్తావా? మూస్తే?… తిరస్కరించినట్టు ముద్ర వేసేస్తావు. రేపు సెలవు. ఎల్లుండికి దాని వయసు దాటిపోతుంది. ఇక ఏటేటా పరాయివాళ్ళ వరసలో నిలబడి వేలిముద్రలు వేసుకోవాలి, పుట్టిన ఊళ్ళో…

ఏమంటోంది పిల్ల?… ‘ఫరవాలేదు అమ్మమ్మా’ అంటోందా? అలా అందంటే ఏడుపు ఆపుకుంటోందని. దాని సంగతి నాకు తెలీదా…

ఆగు! ఆ ముద్ర కింద పెట్టు. కింద పెట్టరా ముందు!

ఉంది. ఒకటుంది. అల్మరాలో, దుప్పట్ల అడుగున. పదహారేళ్ళ కిందటి పేపరు… మొదటి పేజీలో ఫోటో. మే నెల, ఆ పదకొండు నెలల మధ్యది, తేదీ పైనే ఉంది… దాచానా అంటే, ఆ, దాచాను. పిల్ల కంట పడకూడదని.

ఊరేగింపు ఫోటో… ఏ ఊరేగింపేమిటిరా! చైనావాళ్ళు పోవాలని తీశాం చూడు, అది. మీ అమ్మ ముందు డప్పు పట్టుకుని, నేను వెనకాల… ఆ రోజు సోమవారం. పిల్ల నా దగ్గరుంది. మూడేళ్ళైనా నిండనిదాన్ని ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి రానా? చంకనేసుకొచ్చా… అవును, చైనావాళ్ళు పోవాలని అరవడానికి చైనా పిల్లని చంకనేసుకుని వచ్చా! అప్పుడు మీకెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

సగం దూరంలో నా మోకాలు పట్టేసింది. అప్పుడొక కుర్రాడు, గడ్డం పెంచుకుని ఉన్నాడు, ‘ఇటివ్వు పిన్నీ’ అని పిల్లని భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆ ఫోటోయే వేశారు. కింద ఇంతింత అక్షరాలు: ‘ఊరి కోసం వీధికెక్కిన తండ్రీ కూతురూ’…

ఎవరా? నువ్వే చెప్పాలి… గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటున్నావేం?… గుర్తొచ్చిందా. ఆ, నీ జుట్టు పీకేసింది. నీ ఐస్‌క్రీం తినేసింది… మచ్చా? ఎడమ చెవి కింద, గోధుమ రంగుది. ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురుగానే ఉందిగా, జుట్టు తీయమని చూడు…

చూశావా.

…

ఇప్పుడు పేపరు అక్కర్లేదంటావేం? నువ్వే సాక్షి సంతకం పెట్టేస్తావా? కుదరదు నాయనా, తేదీ ఉన్న కాయితం కావాలన్నది నువ్వే… పై అధికారి చూస్తాడని భయమా? చైనావాళ్ళ ఫైళ్ళు చూసే బల్ల ముందు కూర్చుని, ఆ ఊరేగింపులో… అర్థమైందిలే. ఏడవకు. పేపర్ని నీ నెత్తి మీదుగా మడతపెట్టి తెస్తా, నీ మొహం కనపడకుండా. పిల్ల పైకి, నువ్వు కిందికి. సరేనా?

ఫోను దానికివ్వు.

…

ఏమే… విన్నావా అంతా?… ఆ. వెళ్ళాను. నేనే. అరిచాను కూడా. మీ నాన్న షెడ్డు ముందు నుంచే వెళ్ళాం. శనివారం మీ అమ్మ నిన్ను తీసుకెళ్ళడానికొచ్చి, కొండంత మెట్లెక్కి నాకోసం గిన్నెడు సేమ్యాల పులుసు తెచ్చింది. ఆ పేపరు కుర్చీ కింద దాచేసి తాగాను ఆ పులుసు. సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉందే…

హలో?… ఉన్నావా?… తిట్టు, ఫరవాలేదు. తిట్టవే, నేను నేర్పినవే ఉన్నాయిగా…

ఏంటి?… ఫోటోలో నీ చేతిలోనా? ఆ, నీ చేతిలో కూడా ఒక అట్ట ఉంది. దుచ్చో పట్టించాడు. ఒక మూల కొరికేశావు… దాని మీద ఏం రాసుందంటే… వచ్చాక చూద్దువుగాని… ఇప్పుడే చెప్పాలా?

‘మా ఊరు మాకివ్వండి’.

…

ఏమన్నావు?… మళ్ళీ చెప్పు… అప్పుడూ అదే అడిగావు, ఇప్పుడూ అదే అడుగుతున్నావా? ఒసే, ఒసే దొంగపిల్లా!… నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా, ఏదో ఒకటి తేల్చి చెప్పు…

సరే, ఉండు. అక్కడే కూర్చో. పన్నెండున్నర బస్సుకి వచ్చేస్తున్నా. వాణ్ణి కిటికీ మూయనివ్వకు. మూయబోతే చెప్పు, ఆ ఫోటోలో కూతురు వచ్చి అడుగుతోందని… పెట్టేస్తున్నా. మోకాలు పట్టేసినా సరే, ఈసారి నేనే మోసుకొస్తా.