పదకొండో నంబరు మిషన్

కరీంనగర్ బస్టాండు వెనుక సందులో పరశురాములు కంప్యూటర్ల రిపేరు దుకాణం ఉంది. మూడేళ్ల కింద దొంగ అనిపించుకున్న మనిషికి అంతకన్నా పెద్ద దుకాణం ఎవరిస్తారు? మధ్యాహ్నం పూట భార్య జమున అన్నం డబ్బా తెచ్చి, మూత తీయకముందే మాట అందుకుంది.

"అయితే గా విక్రాంత్‌రావు వస్తనన్నడు, నువ్వు రమ్మన్నవ్?"

"రమ్మన్న."

"నీ చెప్పులు సుత విప్పిచ్చి చూసినోన్ని."

"రమ్మన్న అంటున్న గదా."

"నీ టిఫిన్ డబ్బ టేబుల్ మీద గుమ్మరిచ్చి, ప్రాసెసర్ ఏడ దాసినవ్ రా అని అన్నం కెలికినోన్ని. నేను వండిన అన్నం! నువ్వు పనిచేసిన వాని గేమింగ్ హాలుకు ఆడుకోను వచ్చిన పిలగాండ్లు నిలవడి ఫోన్ల వీడియో తీసిన్రు."

"నాకు యాదిలేదా జమునా? నువ్వు చెప్పాల్నా? గా దినం సంది మిషన్ రిపేరుకిచ్చినోడు ఇంటికి పోతలేడు. స్టూలేసుకొని కూసుంటడు. నా మొకం చూడడు, నా చేతులనే చూస్తడు."

"మరి గీ చేతులతోటే వానికి సాయం చేస్తవా? లక్సెట్టిపేట కాడి భూమి అమ్మి, నలభై మిషన్లతోటి కొత్త గేమింగ్ హాలు వెడుతుండట. ఏ ప్రాసెసర్ కొనాల్నో నిన్ను అడుగుతడా? సిగ్గుండాలె."

"ఇంకెవలను అడుగుతడు? ఊర్లె తెలిసినోడు ఇంకొకడున్నడా?"

"అడగనియ్. తప్పు చెప్పు. మునుగనియ్."

"చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"జర విను. హైదరాబాద్ సేటు ఒకడు పాత రకం బోర్డులు, ప్రాసెసర్లు లాట్ మొత్తం సగం ధరకిస్తనంటుండట. ఒక్కోదాంట్ల పదహారు కోర్లు, అంటే పదహారు మెదళ్లు అనుకో. గాయనకు నోరూరుతుంది. ఆటకు పదహారు కోర్లతోటి ఏం పని? ఏడెనిమిది వాడుకుంటే మస్తు. ఇగ ముంగట వచ్చేటియి వేరే తీరు. ప్రాసెసర్ లోపల్నే పెద్ద జాగ చేసి, ఆటకు కావల్సిన సామాను ఆడనే పెడుతున్నరు. మాటిమాటికి బయటి ర్యామ్ దాక ఉరికే పనిలేదు. గవి పాత బోర్డుల కూసోవు."

"కూసోకపోతే ఏమైతది?"

"ఏడాది రెండేండ్లల్ల కొత్త ఆటలు వస్తయ్, గా మిషన్లు ఈడ్సుకుంట నడుస్తయ్. మారుద్దామంటే ప్రాసెసరొక్కటే మారది. బోర్డు, ర్యామ్, అన్ని పారేసుడే. నలభైకి నలభై. గదే కొత్త రకం బోర్డు కొన్నడనుకో, వచ్చేటి రెండు తరాల ప్రాసెసర్లు సుత దాంట్లనే వేసుకోవచ్చు."

"మరింక మంచిదేనాయె! పాతయే కొనుమను."

"కొత్తయే కొనుమంట. నా మాట మీద వాని హాలు నడువాలె. రోజు పొద్దుగాల షట్టర్ లేపినప్పుడు నేను యాదికి రావాలె. దొంగ అన్న నోటితోటే, ఇది పరశురాములు చెప్పిన మిషన్ అని నలుగురికి చెప్పుకోవాలె. కడుపుల మండుకుంట చెప్పుకోవాలె. గదీ నా పగ."

"గది పగ కాదు, పిచ్చి."

"ఊకో. కారు ఆగింది, గాయన వచ్చిండు."

"నేను పోను. ఈడనే ఉంట."

"ఉండు. నోరు తెర్వకు."

"ఏం పరశురాం, మంచిగున్నవా? ఏం ఉక్క ఇది నీ దుకాణంల! ఓ, మీ ఇంటామె సుత ఈడనే ఉన్నదా? నమస్తే అమ్మా."

"కూసోండి విక్రాంత్ సార్."

"కూసునే టైం లేదు. సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు. ఇయ్యాల ఔనో కాదో చెప్పాలె. మా అక్క కొడుకు అమిత్ లేడా, వాడేమంటడంటే, ఎంతమందినన్న అడుగు మామా, ఆఖరికి పరశురాములు ఏదంటే అదే కొను అంటడు. అందుకే వచ్చిన. పాత ముచ్చట మనసుల వెట్టుకోకు."

"ఏ పాత ముచ్చట సార్?"

"అదే... విడిచిపెట్టు ఇగ. అందరం మంచిగనే ఉన్నం గదా."

"మీరు మంచిగున్నరు సార్."

"సూడు, మళ్ల అదే మాట. సరే, పనికి వద్దాం. నాకైతే సేటు సరుకు మీదనే మనసు గుంజుతుంది. ఒక్కటే పరేషాన్. గా పాత రకం ప్రాసెసర్లు, ఫ్యాన్‌కు నడుమ పూసిన పేస్టు గట్టిపడితే ఫ్యాన్ కిందనే అంటుకొని ఊడొస్తయ్ గదా. మా పదకొండో నంబరు మిషన్ కాడ గట్లనే అయింది."

"పదకొండా?"

"అంటే... ఏదో ఒక మిషన్. నంబరు యాదిలేదు."

"పదకొండు అన్నరు సార్. నేను దొంగనైంది పదకొండో మిషన్ కాడ్నే. ఫ్యాన్ తీస్తే కింద ప్రాసెసర్ లేదన్నరు. ఫ్యాన్ తిప్పి చూడున్రి, అడుగున అంటుకొని ఉంటదని నేను మొత్తుకున్న. చూసినం, లేదన్నరు మీరు."

"చూడలే పరశురాం. కోపంల ఉన్న. ఫ్యాన్ తీసింది నేనే, నువ్వు చాయ్ తాగపోయినప్పుడు. తీసి స్క్రాప్ డబ్బల పడేసిన."

"ఫ్యాన్‌కు అంటుకున్న ప్రాసెసర్ దొరికిందెప్పుడు?"

"ఎప్పుడో."

"ఎప్పుడు సార్?"

"ఇప్పుడు గదంతా... మూడో రోజు."

"నాలుగో రోజు నేను మీ ఇంటికొచ్చిన. మీ బాపు బాలకిషన్‌రావు సారు కాళ్లు వట్టుకున్న. నేను దొంగను కాదని ఒక్క మాట అనున్రి, సాలు అన్న. మీరు పక్కన్నే సోఫాల ఉన్నరు."

"ఉన్న."

"నన్ను చూసుకుంట ఉన్నరు."

"ఏం చెయ్యమంటవ్ మరి? పదిమంది ముందట అన్న మాట వాపస్ ఎట్ల తీసుకుంట? బాపు ముందట నా ఇజ్జత్ ఏం గావాలె? వీడైతే ఎట్లనన్న బతుకుతడనుకున్న. బతికినవ్ గదా! దుకాణం సుత వెట్టినవ్... ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు సార్. నోరు తెర్వద్దన్నడు మా ఆయన."

"చల్, అయిపోయింది. కావాల్నంటే హాలు ఓపెనింగ్‌కు రా పరశురాం, అందరి ముందట శాలువ కప్పుత."

"దొరికిందని చెప్తరా సార్, శాలువ కప్పినప్పుడు?"

"మంచి దినం పూట గా ముచ్చటెందుకు?... అగో, మళ్ల సేటు ఫోన్. జల్ది చెప్పు. పాతయా, కొత్తయా?"

"జమునా, సార్‌కు మంచినీళ్లియ్."

"నీళ్లొద్దు. మాట చెప్పు. అమిత్ కొత్తయే అంటుండు, నాకేమో పాతయి అగ్గువల వస్తున్నయనిపిస్తుంది. నువ్వు ఏదంటే అదే."

"నేనేదంటే అదేనా?"

"అదే. మిషన్ల కాడ నువ్వు తప్పు మాట చెప్పవ్. గంత ఇమాన్ నేను ఇంకోని దగ్గర చూడలే."

"అయితే పాతయే తీసుకోండి సార్. నలభై ఎందుకు, అరవై తీసుకోండి. ముందుముందు మీకు కావాల్నన్నా గా బోర్డులు దొరకయి."