నోటికి బండ కప్పిన పాతర

సిద్దిపేటలో ఒక కిరాయి ఇల్లు, పంతొమ్మిది వందల ఎనభైల చివర. ముందు అర్రలో పాత మిల్లింగ్ మిషన్ మీద హరికిషన్ గేరుకు పళ్ళు కోస్తున్నాడు. భార్య కన్యక పక్కనే నిలబడి, మిషన్ ఒరిగిందేమోనని దాని మీద పెట్టిన రసమట్టంలో బుడగను చూస్తోంది.

"మళ్ల జరిగింది."

"జరగలే."

"బుడగ గిటు దిక్కొచ్చింది. నా కండ్లేమన్న పోయినయా?"

"నువ్వు వంకర పట్టుకున్నవ్."

"పట్టుకునుడేంది? మిషిని మీద పెట్టి చేతులు తీసేసిన. సూడు."

"పళ్ళు తెగుతున్నయి గదా? తెగనియ్యి. బుడగ సంగతి తర్వాత."

"మొన్నటి గేరుకు గట్లనే అంటివి. ఒక దిక్కు పన్ను లావు, ఒక దిక్కు సన్నం. అంతకుముందుదీ గంతే. రామచందర్ సేటు ఏమన్నడు?"

"ఏమంటడు."

"నన్నడుగుతవేంది? ఆయన నీతోని ఏమన్నడు?"

"గిది గూడ పాడైతె గజ్వేల్ల మిల్లు గేటు తొక్కొద్దన్నడు."

"నిలిస్తె?"

"నిలిస్తె ఆయన మిల్లుల పనంత మనదే. ఎన్నిసార్లు చెప్పాలె? పక్కకు జరుగు, ఇనుప పొట్టు కండ్లల్ల పడుతది."

"వాకిట్ల పాత ఇనుప సామాన్లాయన కూసున్నడు."

"ఎవడు పిలిసిండు వాన్ని?"

"నేనే."

"నువ్వా!"

"నేనే. గిది గూడ చెడితె బండెక్కించి పంపుత. మీ నాయిన కన్న పెద్ద వయసు దీనిది. ఇగ ఎంతకాలం సాకుతవ్?"

"విలాయతి మిషిని, కన్యకా. నేను పని నేర్చిందే దీని మీద. ఫ్యాక్టరీ మూతవడ్డనాడు వేలంల అందరు కొత్తవాటి మీద పడ్డరు. దీని దిక్కు ఒక్కడు సూడలే."

"నువ్వు సూసినవ్. గోడ గూల్చి ఇంట్లకు తెచ్చినవ్. కొత్త కోడలొచ్చినా గంత సంబురం చెయ్యరు ఎవరు."

"దీనికి రోగం లేదు. నేల రోగం. కింద నేల దిగితె మిషిని ఒళ్ళు మెలివడుతది. పళ్ళు వంకరొస్తయి."

"అందుకే గదా జరిపినం? ఇంటామె హుస్నాబీ అమ్మ ఆ మూలకు నేల కింద వడ్ల పాతర ఉన్నదంటే, వాడకట్టోళ్ళంత గడ్డపారలు పట్టి గీ నడుమకు జరిపిరి. మరి గీడెందుకు దిగుతుంది?"

"దిగుతలేదంటున్న గదా."

"కల్లు తాగినోని లెక్క మాట్లాడకు. బుడగ అంచుకు పోయింది."

"కొంచెమే ఉన్నది. ఇంకొన్ని పళ్ళు. నోరు మూసుకో కన్యకా, నీ కాల్మొక్కుత."

"కన్యకా! ఓ బేటీ! ఏం చప్పుడే ఇది? నా అర్రల చాయ్ గ్లాసు గలగలమంటుంది."

"అదిగో, ఇంటామె వచ్చింది. నువ్వు గడప కాడికి పో. ఏమన్న చెప్పి పంపియ్యి."

"సలాం హుస్నాబీ అమ్మా. ఏం లేదు, పనైపోవచ్చింది."

"గీ నడుమకు ఎందుకొచ్చింది మిషిని?"

"మీరు చెప్పిన్రనే జరిపినం గదా?"

"నేను జరుపుమన్ననా?"

"పాతర ఆ మూలకున్నదన్నరు."

"పాతర నోరు ఆ మూలకున్నదన్న."

"నోరు గాడుంటె పాతర గాడనే గదా?"

"యా అల్లా! పాతర సూసినవా ఎన్నడన్న? నోరు ఒక్క మనిషి దిగేంతనే. దిగినంక లోపల అర్రంత వెడల్పు. మా అత్త నిచ్చెన వేసుకొని దిగుతుండె. దీపం పట్టుకొని గీడిదాక నడిసొస్తుండె, వడ్లు ఎత్తుకోను."

"గీడిదాక అంటె?"

"మీ మిషిని కాళ్ళ కాడిదాక."

"పూడ్చలేదా?"

"ఎవరు పూడుస్తరు? వడ్లు పెట్టుడు బందైనంక నోటికి బండ కప్పి, పైన ఇంకో బండ పరిచినం. లోపలంత బోలే."

"విన్నవా? నీకే చెప్తున్న, విన్నవా? లే, బయటికి రా!"

"ఆఖరి పన్నుంది."

"పన్ను లేదు, గిన్ను లేదు! సేటుకు నేను చెప్త. కాళ్ళు పట్టుకుంట."

"ఏం చెప్తవ్? వింటడా?"

"వినకుంటె పాయె! కూలి చేసుకొని బతుకుదాం. నువ్వు రా."

"బేటా, మాట విను. మీ ఆయనకు బుద్ధి చెప్పే బేటీ."

"అమ్మా, నువ్వు వెనుకకు జరుగు. నేను లోపలికి పోయి గుంజుకొస్త."

"కన్యకా, ఆగు! గడప దాటకు."

"మరి మిషిని బంద్ చెయ్యి! ఆ గుర్రుమనుడేంది, చెవులు పగిలేటట్లు?"

"మిషిని బంద్ జేసిన. నువ్వు కూలి చేసుకొని బతుకుదామన్నప్పుడే బంద్ జేసిన. గా చప్పుడు కింద పాతరలకెల్లి వస్తుంది."