ఒకే లైను మీద రెండు బండ్లు

కింద హాలంతా బొమ్మ రైళ్ళ పట్టాలే. బండ్లు బొమ్మవి గాని పద్ధతి నిజంది: రైల్వేలో కంట్రోలరుగా చేసే బావ, కింద ఏం జరుగుతోందో కనపడని మేడగదిలో కూర్చుని ఫోనులో ఆర్డరిస్తాడు. రైలు డ్రైవరు బామ్మర్దీ, వాడి అక్కా ఆ ఆర్డరు ప్రకారం చెరో బండీ నడపాలి.

“ఇంకోసారి చెప్పు, బావా.”

“ఎన్నిసార్లురా? గూడ్సు వంతెన దాటి అవతలి స్టేషనుకి. ఏదీ, తిరిగి చెప్పు.”

“గూడ్సు... వంతెన దాటి... ఒక్క నిమిషం, బావా. అక్కా! నీ ప్యాసింజరెక్కడ?”

“వంతెన మీదేగా. ఇందాక ఆయనే పొమ్మన్నారు.”

“ఆ లైను మీదికే నన్నూ రమ్మంటున్నాడే!”

“అయ్యో! చెప్పరా మరి, ఫోనుకి అడ్డం పెట్టిన చెయ్యి తీసి చెప్పు.”

“ఏమని? జబ్బుపడి లేచాడు, రేపే మళ్ళీ డ్యూటీ. ఆ కుర్చీలో కూర్చోగలనో లేదో చూసుకుంటానని పొద్దుట్నుంచీ ఇదే పని. తప్పు చెప్పావని అన్నానంటే కుప్పకూలిపోతాడు.”

“చెప్పకపోతే రేపు నిజం బండ్లురా! మనుషులుంటారు వాటిల్లో!”

“ఏమిట్రా గుసగుసలు? లైను నీదన్నాను. కదిలావా?”

“కదుల్తున్నా, బావా.”

“ఒరే, ఆపరా! ఆపు, ఆపు...”

“ఏమిటా కేక?”

“ఏం లేదు, బావా. అక్క సంగతి తెలుసుగా.”

“బండి చేరిందా?”

“ఆఁ, చేరింది. భేషుగ్గా చేరింది. నీకేం బావా, ఎప్పట్లాగే ఉన్నావు.”

“సరే. నిలబెట్టు.”

“భేషుగ్గానా? నా ఇంజను బోర్లాపడింది, నీ పెట్టెలు వంతెన కింద పడున్నాయి! నోరెలా వచ్చిందిరా నీకు?”

“ఆర్డరిచ్చింది ఆయన. నన్నేం చెయ్యమంటావ్? రేపటికి తేరుకుంటాడులే. పక్కన ఎవరో ఒకరుంటారు, చూసుకుంటారు.”

“ఎవరు? వాళ్ళూ నీలాగే చిత్తం, చిత్తమంటే?”

“మెల్లగా, అక్కా. పైకి వినపడుతుంది.”

“వినపడుతూనే ఉంది. ఫోను పెట్టలేదురా నువ్వు.”

“...బావా?”

“అంతా విన్నాను.”

“అది కాదు బావా, బొమ్మ బండ్లేగా, దానికింత...”

“రేపు డ్యూటీకి రానని ఇప్పుడే చెప్పేస్తాను. నా సంగతి తేలిపోయింది. మరి నువ్వు?”

“నేనా? నాకేం? తెల్లారగానే మెయిలు బండి నడపాలి.”

“నాది మతిమరుపురా, దానికి మందుంది. ఎదురుగా బండి కనపడుతుంటే మీదికి తోలావే, నీదేం జబ్బు?”