గంజిల వడ్డ ఎమ్మే

గా కుర్చి జర ఇటు గుంజుకో బిడ్డా, ఆడ ఎండ వడ్తది. ఏమన్నవు, సినిమా మీద చదువుతున్నవా? సినిమా మీద గూడ యూనివర్సిటీల చదువు ఉంటదా? నవ్వుతలేను, ఊకనే అడిగిన. గీ మాట నేను ఇంతకుముందు ఒక్కని నోట్లెనే విన్న, అరువై ఏండ్లు దాటింది. లింగమూర్తి అని, మా వాడోడే, నా ఈడోడే, దశరథం కొడుకు. మేం సాలోల్లం గదా, బడికాడికెల్లి ఒక్కడే పట్నం దాక పోయిండు, ఎమ్మే. ఏం ఎమ్మేరా అంటె ఫిలాసఫీ అనేటోడు. వాల్ల బాపు దశరథాన్ని ఎవలన్న అడిగితె ఆయిన ఏమనేటోడు ఎరుకేనా? "వకీలు చదువు గాదట, డాక్టర్ చదువు గాదట, సోచాయించే చదువట, ఊకె ఆలోచన చేసుడేనట" అనేటోడు. అనుకుంట మగ్గంల కాల్లు పెట్టి కూసునేటోడు. కొడుకు మీద కోపం లేదు, ఫికర్ ఉండె. సోచాయించెటోనికి కొల్వు ఎవలిస్తరని.

యాబై మూడుల అనుకుంట, ఎండకాలం అయిపోంగ వచ్చిండు లింగమూర్తి. సన్నగ, మెడమీదికి ఎంటికలు, చంకల రెండు నోటుబుక్కులు. సొంతంగ ఏదన్న రాసుకరమ్మని వాల్ల సారు చెప్పిండట, దసర లోపట ఇస్తెనే ఎమ్మే, లేకుంటె లేదు. "ఏం రాస్తవురా" అన్న. "మనోల్లు డేరాకు ఎందుకు పోతరో రాస్త" అన్నడు. నేను నవ్విన. గిప్పుడు నువ్వు చెప్పంగ నవ్విన చూడు, గట్లనే. డేరా అంటె సినిమా డేరా, నీకు తెల్వది. మక్బూల్ మియా అని ఉండె, బండ్ల మీద డేరా, మిషిని, ఇంజను అన్ని ఏస్కొని ఊరూరు తిరిగేటోడు. ఖానాపూర్ దిక్కు కొన్ని దినాలు, మా దిక్కు కొన్ని దినాలు. ఒక్కటే మిషిని, రీలు అయిపోతె మల్లొక రీలు పెట్టేదాక చీకట్ల కూసుండాలె. ఒక్కోపారి రీల్లు ముందటియి ఎన్కకు, ఎన్కటియి ముందటికి పెట్టేటోడు, సచ్చినోడు మల్ల లేసి పాట పాడేటోడు. ఎవ్వలు ఏమనకపోయేది. బతికిండు గదా, మంచిదే అనుకునేది. పాత డేరాకు అతుకులే అతుకులు. మా చేనేత సంఘం బట్టలు గూడ అండ్ల కుట్టిండు మక్బూల్. మనిషి మంచోడు, కని కోడిపందేల పిచ్చి... సరె, అది వద్దు.

లింగమూర్తి నేల మీద కూసునేటోడు, మా పక్కన. కని పరద దిక్కు చూడకపోవు. మా మొకాలు చూసేటోడు. పరద మీద తల్లి సచ్చిపోతుంటె ఈడు ఎన్కకు మర్రి మా వాడ కమలవ్వ మొకం చూస్తుండె. నాకైతె చిరాకు. "అరే, పైసలిచ్చింది అటు చూడనీకెనా ఇటు చూడనీకెనా" అంటె చెయ్యితోని ఆగుమన్నట్టు చేసేటోడు. బయిటికి వచ్చినంక నడుసుకుంట చెప్పేటోడు ఇగ, నాకు తలకాయ నొచ్చెదాక. "పర్శా, పరద మీద మనిషి లేడు, ఎలుతురే. అది అందరికి ఎరుకే. ఎరుకుండి ఏడుస్తరు. లేని మనిషి కోసం వచ్చిన కన్నీల్లు ఉన్నట్టా లేనట్టా?" అనేటోడు. నేను "నా అంగి తడిసింది, ఉన్నట్టే" అంటి. ఆడు ఆగి, లాంతరు కింద నిలవడి అది రాసుకుండు. నిజంగ రాసుకుండు. ఇంకోపారి, అప్పటికి మొదటి ఓట్లు అయి ఏడాది దాటింది, అన్నడు గదా, "ఓటేసేటప్పుడు పరద ఎన్క ఒక్కొక్కన్ని పంపిండ్రు. గీడ పరద ముంగట అందరు ఒక్కదగ్గర కూసుంటరు. సాలోడు, మాదిగోడు, తుర్కోడు, మోకాలికి మోకాలు తగులుతది. రెండిట్ల ఏదిరా మన రాజ్జెం?" అని. నాకేమెరుక. కుర్చీలల్ల పటేలు కూసుండె గదా, మోకాలు ఆయినకు తగులలే అన్న. అది గూడ రాసుకుండు. నేను చెప్పినయి అన్ని రాసుకుంటుండని నాకు జర గర్వం ఉండె. ఉండదా మరి, మూడో తరగతిల బడి ఇడ్సినోన్ని.

ఇగ అడుగుడు షురూ చేసిండు. ఎట్ల అడుగాలె, మగ్గం మీద ఉన్నోడు మాట్లాడడు. గందుకు పడుగు కాడికి వచ్చేటోడు. పడుగంటె పొడుగు దారాలు. పొద్దుగాల వాడ పొంటి ఈ కొసకెల్లి ఆ కొసదాక సాపి, గంజి వట్టిచ్చి, కుంచెలతోని దువ్వుతరు. ఆరెదాక చెయ్యి తియ్యద్దు, తీస్తె దారాలు అతుకుతయి, బట్ట ఖరాబ్. ఎవని పడుగైనా వాడంత వచ్చి దువ్వుతది, ఇయ్యాల నీది, రేపు నాది. అటు పదిమంది, ఇటు పదిమంది, ఎవ్వడు జరుగద్దు. లింగమూర్తికి గంతకంటె ఏం గావాలె? నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కని పక్కపొంటి నడుసుకుంట అడిగేటోడు. "సాంబయ్య మామా, నువ్వు డేరాకు ఎందుకు పోతవే?" సాంబయ్య కుంచె కాడికెల్లి కన్ను లేపకుంట "నేనెక్కడ పోతరా? నేను డేరా మొకమే చూడలే" అన్నడు. మొన్ననే నా ముంగట కూసున్నడు, ఆయిన తలకాయ అడ్డం వస్తుందని నేనే జరుపుమన్న. కమలవ్వ అంతే, "నాకెందుకు బిడ్డా సినిమాలు, రాంభజన చేస్కుంట ఇంట్లనే ఉంట" అన్నది. రహమాన్ అని దారాలకు రంగులేసేటాయిన ఉండె, ఆయిన గూడ "తోబా తోబా" అని చెవులు పట్టుకుండు. వాడంత సినిమా చూడనోల్లే అయిరి. నన్నడిగిండు. నేను గూడ చూడలేదన్న. నవ్వకు. ఆని పక్కన కూసోని చూసినోన్ని, ఆని ముంగటనే చూడలేదన్న.

ఎందుకంటవా? నీకు తెల్వది ఆ కాలం. రజాకార్ల జమానాల ఎవడన్న బుక్కు తీసి రాసుకుంటె ఆ ఇంటి మీదికి మనుషులు వచ్చేది. పోలీస్ యాక్షన్ అయినంక మల్ల వేరెటోల్లు రాసుకునుడు, ఎవలింట్ల ఎవలు అన్నం తిన్నరని. బుక్కు కనవడ్తె తలుపులు ఏస్కునేది. దానికితోడు సంఘం. నూలు దొరుకక ఏడుస్తున్న దినాలు, నడిచే మగ్గానికే నూలిస్తమని సంఘపోల్లు రూలు పెట్టిరి. డేరాల కూసున్నవంటె పొద్దుమీకి నీ మగ్గం బంద్ ఉన్నట్టే గదా? నాదైతె ఇంకా పెద్ద కథ. నా పేరు మీద రెండు మగ్గాలు. ఒకటి మా తమ్మునిది, ఆడు భీవండి మిల్లుకు పోయి ఏడాది దాటింది. ఆ మగ్గం మీద మేం దుప్పట్లు ఆరేస్తుంటిమి, నూలు మాత్రం రెండిటిది తెచ్చుకుంటుంటిమి. తప్పే. అందరు చేసిందే నేను చేసిన, కని తప్పే.

లింగమూర్తికి కోపం రాలే. ఇంకింత హుషారైండు. "పర్శా, సినిమాకంటె గీ అబద్దమే బాగున్నదిరా" అనవట్టె. పగలు ఏం చెప్పిండ్రో ఒక పేజీల, డేరాల ఏం చేసిండ్రో పక్క పేజీల రాసుడు వెట్టిండు. మూడు నెల్లు అదే పని. తిండి లేదు, నిద్ర లేదు, వాల్లవ్వ శంకరవ్వ జొన్నరొట్టె తెచ్చి చేతుల పెడితె ఆ రొట్టె చేతుల్నే ఎండిపోయేది. సారుకు ఉత్తరం రాస్తె, మంచిగున్నది, ఇట్లాంటిది మన దిక్కు ఎవ్వలు రాయలే, తొందరగ తీసుకరా అని జవాబు వచ్చిందట. ఆ ఉత్తరం వాల్ల బాపుకు చదివి వినిపిచ్చిండు. దశరథం ఆ దినం మగ్గం దిగి, ఉత్తరం చేతులకు తీసుకోని, చదువు రాదు గదా, ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. కొడుకు సార్ అయితడని అప్పుడే నమ్మిండు ముసలాయిన.

గిప్పుడు ఇను. ఒకనాడు హోటల్ల ఛాయ్ తాగుతున్న. మగ్గాలు లెక్కవెట్టే సంఘం ఇనిస్పెక్టర్ సాబ్ వచ్చి కూసున్నడు, లింగమూర్తి రోడ్డు మీదికెల్లి పోతుండు. "ఎవరయ్యా ఆ పిలగాడు, ఎప్పుడు చూసినా బుక్కు పట్టుకోని తిరుగుతడు?" అన్నడు. నేను ఉండబట్టలేక, "మా దోస్తు సార్, ఎమ్మే. మీరేమనుకుంటుండ్రో, ఊరంత ఆ బుక్కులనే ఉన్నది. ఎవలు డేరాకు పోతరు, ఏ దినం పోతరు, ఎప్పుడు ఏడుస్తరు, అన్ని" అన్న. అవ్, నేనే అన్న. నా దోస్తు గొప్పతనం ఇనిస్పెక్టర్‌కు ఎరుక కావాలనే గాని, ఇంకోటి లేదు. ఆ బుక్కుల నాది గూడ ఉంటదని నాకు తట్టలే. నేను దోస్తును గదా, నన్నెందుకు రాస్తడు అనుకున్న. ఇనిస్పెక్టర్ కప్పు కింద వెట్టి, "అచ్చా, రేపు పొద్దుగాల మీ వాడకొస్త, జర ఆ బుక్కు చూద్దాం" అన్నడు. ఛాయ్ సగంల ఇడ్సిన. ఉరికిన. లింగమూర్తికి చెప్పిన, గిట్ల బుక్కు అడుగవస్తుండని. "ఆయినకు ఎవలు చెప్పిండ్రురా?" అన్నడు. "ఎవలో చెప్పిండ్రట" అన్న.

తెల్లారి దశరథం పడుగే ఉండె. వాడంత దువ్వుతుంది, పక్కకు మూడు రాల్ల మీద గంజి కుతకుత ఉడుకుతుంది. లింగమూర్తి రెండు బుక్కులు పట్టుకోని వచ్చిండు, నా కాడ ఆగి ఒక పేజీ తెరిచి సూపెట్టిండు. కూడుకోని కూడుకోని చదివిన. పర్శరాములు ఇన్ని దినాలు డేరాల ఉన్నడు, తమ్మునిది ఉత్త మగ్గం, దాని మీద దుప్పట్లు ఆరేస్తరు, అడిగితె సినిమా చూడలేదన్నడు. ఉన్నదున్నట్టు. "పేర్లు కొట్టేసి మల్ల రాయరాదురా" అన్న. "గంటల వస్తడు. మూడు నెల్ల రాత గంటల మల్ల రాస్తనా? దాస్తె మా ఇల్లు చూస్తడు, మీ ఇండ్లు చూస్తడు" అన్నడు. అని సీదా పోయి, రెండు బుక్కులు గంజి కాగుల ఏసి, కట్టెతోని కిందికి అదిమిండు. సిరా అంత ఇడిసి గంజి నీలమైంది. దశరథం ఉరికొచ్చిండు, "ఓరి నీ తలకాయ వలుగ, గంజి ఖరాబ్ చేస్తివి గదరా, పడుగంత నీలం వట్టదా" అని. గంజి గురించే అన్నడు బిడ్డా, ముసలాయిన. కొంచెం సేపయినంక ఆ ఉత్తరం యాదికొచ్చినట్టున్నది, అరుగు మీద కూలవడ్డడు. ఇనిస్పెక్టర్ వచ్చిండు, బుక్కేది అన్నడు. "గంజిల వడ్డది సార్" అన్నడు లింగమూర్తి. ఆయిన కాగుల తొంగి చూసి, కట్టెతోని ఒకపారి కలిపి, అతుకులు అతుకులు అయిన కాయితం పైకి లేపి మల్ల ఇడిసిపెట్టిండు. మా అందరి మొకాలు చూసి పోయిండు.

ఇగ కొత్త గంజి పెట్టాలె. అది ఉడికెదాక పని లేదు, పడుగు ఇడ్సి పోనీకి లేదు. అందరం ఊకనే నిలవడ్డం. అప్పుడు సాంబయ్యే షురూ చేసిండు, ఎవ్వలు అడుగలే. "లింగా, పొద్దంత మగ్గం గుంతల కూసుండి మూరెడు బట్టనే చూసుడేరా. ఆడ సముద్రం సూపెడ్తరు. గందుకు పోత" అన్నడు. కమలవ్వ, మొగడు పోయి ఐదేండ్లు, కొంగు నోటికి అడ్డం వెట్టుకోని "ఇంట్లె ఏడిస్తె ఎందుకేడుస్తున్నవే అంటరు కొడుకా. ఆడ ఎవ్వలు అడుగరు" అన్నది. రహమాన్ అన్నడు, "నేను రంగులోన్ని భాయ్. ఆడ అంత తెలుపు నలుపే. ఆ అమ్మ చీరె ఏం రంగో, ఏ మందు కలిపితె ఆ రంగొస్తదో సోచాయించుకుంట కూసుంట." అందరు నవ్విండ్రు. ఆఖరికి అరుగు మీదికెల్లి దశరథం అన్నడు, మెల్లగ, "నేను సినిమా చూడనీకి రాలేదురా. పట్నంల చదివినోడు ఏం చేస్తుండో అని ఎన్క కూసుండి నిన్నే చూసిన." లింగమూర్తి చేతులు ఉత్తగ ఏలాడుతున్నయి. రాసుకునెతందుకు ఏం లేదు. మూడు నెల్లు అడిగినా దొరుకనిదంత ఒక్క గంజి ఉడికెటంతల దొరికింది, ఇంక దానితోని పని లేదు.

నా దిక్కు మర్రిండు. "పర్శా, నువ్వు?" అన్నడు. అందరు నిజమే చెప్పిండ్రు, చెప్పాల్సింది నా తాన ఒక్కటే ఉండె, హోటల్ల మాట. నాలుక మీదికి వచ్చింది బిడ్డా, అబద్దం ఎందుకు. "గంజి పొంగుతుందిరా" అని కాగు కాడికి పోయిన. అది పొంగలే. ఎమ్మే కాలే ఆనికి. కాగజ్‌నగర్ పోయి మిల్లుల గుమస్తా వనికి కుదిరిండు, అరువై ఏడుల పచ్చకామెర్లతోని పోయిండు. ఈ నడుమ ఎన్నిపార్లు కలిసిన, ఒక్కటే కంచంల తిన్నం. ఎన్నడు అడుగలే ఆడు. అడుగలేదు గదా అని నేను చెప్పలే. తప్పు నాదే. గీ మాట నోట్లకెల్లి బయిటికి వచ్చుడు గిదే మొదలు, ఇనాల్సినోడు లేడు.

...నీ బస్సు ఎన్నింటికన్నవు?