ఆ టీవీ సినిమా చూసినాక

పాకాలలో ఉమ్మే హబీబా ఇల్లు. స్కూలు ఆటో తోలే మునస్వామి భార్య దేవకమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

“లోపలికొచ్చి తలుపు వెయ్యక్కా ముందు. బిడ్డి మళ్ళా బయటికి పోయిందంటే నా ప్రాణం ఈడనే పోతాది.”

“వేస్తాలే హబీబా. ఒకటే మాట సెప్పు. మీ ఆయన యాడ?”

“ఫిర్యాదు కాగితం రాపించను పోయినాడు.”

“ఎవురి మీద? మా ఆయన మీదనే కదా?”

“ఇంకెవురి మీద? నిన్న నా రుహీని స్కూలు కాడ వదిలేసి వచ్చినాడు. మసక పడినాక ఒంటిగా ఇంటికి నడిచి వస్తా రైలు గేటు కాడ దొరికింది. ఎవురన్నా ఎత్తుకోని పోయుంటే? ఆరేండ్ల బిడ్డి, పట్టాలు దాటతా దాటతా…”

“ఆపు మే! ఏం మాటలవి? ఆయన వదిలేసి రాలా. గంటసేపు ఎతికినాడు. మిగతా ఏడుగురినీ ఇండ్ల కాడ దించి, మళ్ళా పోయి ఎతికినాడు.”

“ఆ సినిమాలో వ్యానాయన కూడా అట్లే చెప్తాడు.”

“అద్దో, వచ్చింది సినిమా! ఆదివారం టీవీలో వేసినారే, ఆ బిడ్డి తప్పిపోయే పాడు సినిమాయేనా?”

“పాడు సినిమా అనొద్దు. తల్లులందరూ చూడాల్సింది. బిడ్డి కనపడకుండా పోతే తల్లికి ఎట్లుంటాదో…”

“ఎట్లుంటాది? ఆయమ్మకి తల్లో పూలు కూడా వాడలేదే! మూడు దినాలు ఏడిసింది, కాటిక సెదరలా. అది సూసి నీకు భయమా?”

“భయమే. రెండు రోజులు అన్నం దిగలా. రుహీని కూడా పక్కన కూసోబెట్టుకోని చూపించినా. ఆ సినిమాలో దినామూ స్కూలుకి తీసకపోయే ముసలాయనే దొంగంట! తినను పెట్టి మాలిమి చేసుకుంటాడు. మీ ఆయనా పెడతాడు కదా, బెల్లం బొరుగుండలు.”

“ఓయమ్మా! బొరుగుండ పెట్టినోడల్లా దొంగా? నీ బిడ్డి రెండేండ్లుగా తింటా ఉండాది. అప్పుడు తియ్యంగా ఉండిందా?”

“అరవద్దక్కా, బిడ్డి లోపలుంది.”

“అరస్తా! తల్లుల గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, ‘ఈ మనిషితో జాగ్రత్త’ అని రాసినావు. ఈ పొద్దు ఒక్క బిడ్డి ఎక్కలా. వట్టి ఆటో తోలుకోని వచ్చి గోడ పక్కకి తిరిగి పండుకున్నాడు. నీళ్ళు కూడా తాగలా. ఆ కాగితం స్టేషన్లో ఇచ్చినారంటే మనిషి మిగలడు మే.”

“నాకు నా బిడ్డి ముఖ్యం.”

“అయితే ఆ బిడ్డినే అడుగుదాం. రుహీ! ఇట్రా బంగారూ. నిన్న తాత నిన్ను వదిలేసి వచ్చేసినాడా?”

“చూడు, ఎట్లా నా యెనక దూరతా ఉండాదో! దాన్నేం అడగొద్దు.”

“నువ్వు కొంచేపు నోరు మూసుకో తల్లీ. సెప్పు రుహీ. తాత కొట్టినాడా? కసిరినాడా?”

“చెప్పు బేటీ. అమ్మీ ఉంది కదా. ఎవురూ నిన్నేం అనరు. చూసినావా, పొద్దుగూకిందాకా కూసున్నా చెప్పదక్కా. నువ్వు పో.”

“పోను. ఈడనే కూసుంటా.”

“అమ్మీ… సినిమా అయినాక నువ్వే, తెలిసినోళ్ళు పిలిచినా పోవద్దు అంటివి కదా. స్కూలు యెనక చెట్లలో దాక్కున్నా. తాత ‘రుహీ, రుహీ’ అని ఏడస్తా తిరిగినాడు. నా పక్కనే తిరిగినాడు. నేను పలకలా.”